పాఠం 7: ఏనుగులు రెండు ఎందుకున్నాయి? – పిల్లలతో కలిసి శిల్పాన్ని చదవడం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కథాత్మక శిల్పాన్ని కథకు బొమ్మగా కాక, శిల్పంగా చూడగలుగుతారు.
• ఒకే చట్రంలో ఒకే పాత్రను రెండుసార్లు చెక్కే పద్ధతిని ఒక ఉదాహరణతో వివరించగలుగుతారు.
• అమరావతి 'నాలాగిరి' ఫలకం గుణదోషాలను విశ్లేషించగలుగుతారు.
• ఇంట్లోని చిన్నపిల్లలతో కలిసి ఒక శిల్పాన్ని పరిశీలించి, ఆ పరిశీలనను విమర్శగా రాయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

శిల్ప విమర్శ అనగానే కొలతలు, కాలం, రాజవంశం, శైలి గుర్తుకొస్తాయి. ఇవన్నీ అవసరమే. గత పాఠాల్లో వీటిని చదువుకున్నారు. అయితే ఇవన్నీ తెలిసినవారు కూడా శిల్పం ముందు నిలబడినప్పుడు ఒక పొరపాటు చేస్తుంటారు. పక్కనున్న పేరు పలక చదివి, తెలిసిన కథను గుర్తు చేసుకుని, 'ఓహో, అదా' అనుకుని ముందుకు వెళ్లిపోతారు. అప్పుడు వారు చూసింది శిల్పాన్ని కాదు, తమకు ముందే తెలిసిన కథను.

ఈ పొరపాటు చిన్నపిల్లలు చేయరు. వారికి కథ తెలియదు, పేరు పలక చదివే ఓపిక ఉండదు. ఎదురుగా ఏముందో అదే చూస్తారు, అర్థం కానిదాన్ని వెంటనే అడుగుతారు. మీలో ఉద్యోగ విరమణ తరువాత ఈ కోర్సులో చేరినవారున్నారు. మనవలను వెంటబెట్టుకుని సెలవురోజున గుడికో మ్యూజియంకో వెళ్లేవారున్నారు. ఆ ఒక్కరోజు విహారం ఈ కోర్సులోని ఏ అభ్యాసానికీ తీసిపోదని ఈ పాఠం చెబుతుంది. ఇందుకు ఒకే ఒక్క శిల్పాన్ని తీసుకుందాం.

7.2 ఒక మ్యూజియం, ఒక ప్రశ్న

ఈ పాఠంలో చర్చించే శిల్పం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అమరావతి మహాస్తూపం చుట్టూ ఉన్న రాతి కంచెకు చెందిన గుండ్రని ఫలకం ఇది. క్రీ.శ. 2వ శతాబ్దానికి, అంటే శాతవాహనుల కాలానికి చెందింది. ఏడేళ్ల మా మనవరాలితో ఒక సెలవురోజున నేను దీని ముందు నిలబడ్డాను. అంతకు ముందు నేను ఈ ఫలకం గురించి చాలాసార్లు పాఠం చెప్పాను.

అలవాటు ప్రకారం కథ మొదలుపెట్టాను. 'బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు ఒక ఏనుగుకు మత్తెక్కించి ఆయన మీదికి వదిలాడమ్మా. బుద్ధుడు ప్రేమగా చూసేసరికి అది శాంతించి ఆయన కాళ్లకు మొక్కింది' అన్నాను. కథ అయిపోయింది, నీతి చెప్పేశాను. తరువాతి శిల్పం వైపు అడుగు కూడా వేశాను. తను కదల్లేదు.

'ఒక ఏనుగన్నావు కదా అమ్మమ్మా! మరి ఇక్కడ రెండున్నాయేంటి?'

జవాబు నాకు తెలుసు. కానీ ఆ జవాబు నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది. ఆ ఫలకాన్ని చూసి ఆ ప్రశ్న నాకు నేనుగా ఎన్నడూ వేసుకోలేదు. అందుకే వెంటనే చెప్పకుండా, 'నువ్వే చూసి చెప్పు' అన్నాను. చాలాసేపు చూసింది. ఒక ఏనుగు నుంచి ఇంకో ఏనుగు దాకా గాలిలో వేలితో గీత గీసింది. 'రెండూ ఒకటే. ఇది ముందు, అది తరువాత' అంది.

కళాచరిత్రకారులు దీన్నే నిరంతర కథనం అంటారు. ఒక పాత్రను ఒకే చట్రంలో ఒకటికంటే ఎక్కువసార్లు చూపిస్తూ, వేర్వేరు క్షణాలను మధ్యలో గీత లేకుండా కలిపి చెక్కే పద్ధతి ఇది. తొలి బౌద్ధశిల్పంలోని కథన పద్ధతులను విద్యా దహేజియా వర్గీకరించినప్పుడు ఈ పద్ధతికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. పేరు తెలియకపోయినా పద్ధతిని కనిపెట్టవచ్చు. పేరు తెలిసినా పద్ధతిని గమనించకుండా ఉండనూవచ్చు. ఆ రోజు నేను రెండో కోవలో ఉన్నాను.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
నిరంతర కథనం అంటే ఏమిటి? మూడు వాక్యాల్లో రాయండి.

7.3 ఫలకంలో ఏముంది?

ఇప్పుడు కథను పక్కనపెట్టి ఫలకాన్ని చూద్దాం. ఈ వరుస మా మనవరాలు చూసిన వరుసే.

ఎడమవైపు ఏనుగు విరుచుకుపడుతోంది. తొండంతో ఒక మనిషిని పట్టుకుంది. దాని చుట్టూ ఉన్న శరీరాలేవీ నిటారుగా లేవు. ఒకరు వంగిపోయారు, ఒకరు వెనక్కి వాలారు, ఒకరు పరుగెత్తబోతున్నారు. భయంతో ఒక స్త్రీ పక్కనున్న పురుషుణ్ణి పట్టుకుంది. కాళ్లూ చేతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ, ఎవరి చెయ్యి ఎవరిదో తేల్చుకోవడానికి చూపు తడుముకోవలసి వస్తుంది. ఇరుకు వీధిలో జనం తొక్కిసలాడితే ఎలా ఉంటుందో చెక్కడం కూడా అలాగే ఉంది.

కుడివైపుకు వచ్చేసరికి గీతలు మారిపోతాయి. బుద్ధుడు నిలబడి ఉన్నాడు, వెనుక భిక్షువులున్నారు. అందరూ నిటారుగా, నిశ్చలంగా ఉన్నారు. వారి ముందు అదే ఏనుగు మోకరిల్లి తల వంచింది. ఎడమవైపు ముందుకు దూసుకువచ్చిన బరువంతా ఇక్కడ నేలకు దిగింది. శాంతిని చూపడానికి శిల్పి బుద్ధుడి ముఖంలోని చిరునవ్వు మీద ఆధారపడలేదు. వాలు గీతల నుంచి నిలువు గీతలకు, రద్దీ నుంచి ఖాళీకి మన చూపును నడిపించి చూపాడు.

పైభాగంలో మేడల గవాక్షాలున్నాయి. వాటిలోంచి జనం కిందికి చూస్తున్నారు. కథ చెప్పేటప్పుడు వీరి గురించి ఎవరూ చెప్పరు. కథకు వీరు అవసరం లేదు, శిల్పానికి మాత్రం అవసరం. జరుగుతున్నదాన్ని ఏమీ చేయలేక చూస్తూ నిలబడినవారు వీరు. ఫలకం ముందు నిలబడిన మన పరిస్థితీ అదే. మా మనవరాలు వారిని చూసి, 'వీళ్లు కూడా మనలాగే చూడ్డానికి వచ్చారు' అంది.

ఇక చట్రం సంగతి. ఇది గుండ్రని చట్రం. పిల్లలు చదివే బొమ్మల కథల్లో ఒక్కో క్షణానికి ఒక్కో గడి ఉంటుంది. గడికీ గడికీ మధ్య తెల్లని ఖాళీ ఉంటుంది. ఒక గడి దాటి వెళ్లాక అందులోని సంగతి మన వెనుక ఉండిపోతుంది. ఇక్కడ గడులు లేవు. స్తూపానికి ప్రదక్షిణ చేసే భక్తులు నడుస్తూ చూసిన ఈ వృత్తంలో ముందు, తరువాత అనే రెండు కాలాలు ఒకే నేల మీద, ఒకే జనం మధ్య ఉన్నాయి. ఏనుగు శాంతించిన తరువాత కూడా మదమెక్కిన ఏనుగు అక్కడే ఉంది.

7.4 తొండానికి చిక్కిన మనిషి

ఈ చివరి అంశమే ఈ పాఠానికి కీలకం. మా మనవరాలి రెండో ప్రశ్న దానికి సంబంధించిందే.

'మరి ఆయనకేమైంది?' అని అడిగింది, ఏనుగు తొండానికి చిక్కిన మనిషిని చూపిస్తూ.

నేను తడబడ్డాను. నేను చెప్పిన కథలో ఆ మనిషి లేడు. నేనే కాదు, ఈ కథను పిల్లలకు చెప్పేవారిలో చాలామంది అతణ్ణి వదిలేస్తారు. మొదట కోపం, చివర కరుణ, మధ్యలో ఎవరికీ దెబ్బ తగలకపోతే నీతి చెప్పడం తేలిక. కానీ పాళీ వినయ పిటకంలోని కథ నాలాగిరిని మనుషుల్ని చంపే ఏనుగు అనే పరిచయం చేస్తుంది. శిల్పి దాన్ని దాచలేదు. వీధిలోని సామాన్యుడొకడు ఏనుగుకు చిక్కిన సంగతిని, బుద్ధుడి కరుణ ఎంత స్పష్టంగా చెక్కాడో అంత స్పష్టంగా చెక్కాడు.

నిరంతర కథనం ఇక్కడ కేవలం సాంకేతిక పద్ధతిగా మిగలదు, ఒక నైతిక దృష్టిగా మారుతుంది. మాటల్లో చెప్పే కథకు ముందూ వెనుకా ఉంటాయి. 'తరువాత' అనే మాట అనగానే 'ముందు' చెరిగిపోతుంది. ఏనుగు శాంతించింది అనగానే దానికి చిక్కినవాణ్ణి మరచిపోతాం. శిల్పి మాత్రం మరచిపోనివ్వడు. ఏనుగు తల వంచిన దృశ్యాన్ని చూస్తున్నంతసేపూ అదే వృత్తంలో అతడు ఏనుగు పట్టులోనే ఉంటాడు. కరుణ గెలిచింది నిజమే. కానీ ఆ గెలుపు అందరికీ సకాలంలో అందలేదు. ఈ రెండు నిజాలనూ ఒకే చూపులో నిలపడమే ఈ ఫలకం ప్రత్యేకత అని నా అభిప్రాయం.

మనవరాలికి అబద్ధం చెప్పాలనిపించింది. 'లేచి ఇంటికి వెళ్లిపోయాడు' అంటే సరిపోయేది. కానీ ఎదురుగా ఉన్న రాయి ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. 'బుద్ధుడు వచ్చేసరికే ఏనుగు ఆయన్ని పట్టేసుకుందమ్మా' అన్నాను. కాసేపు ఆలోచించి, 'అందుకే ఆ అమ్మాయి భయపడింది' అంది. ఫలకంలోని స్త్రీ భయానికి కారణం అప్పటివరకు నేను ఏనుగే అనుకున్నాను. తన దృష్టిలో ఆ స్త్రీ చూస్తున్నది మనిషిని. ఫలకాన్ని మళ్లీ చూస్తే ఆ వ్యాఖ్యానానికీ అక్కడ చోటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మౌఖిక కథలోనూ ఈ ఫలకంలోనూ 'ముందు', 'తరువాత' అనే భావాలు ఏ విధంగా భిన్నంగా ఉన్నాయి?

7.5 అభ్యంతరాలు, సమాధానాలు

విమర్శకుడు తన అభిప్రాయానికి ఎదురయ్యే అభ్యంతరాలను తానే ముందుకు తేవాలి. ఈ వ్యాఖ్యానానికి మూడు అభ్యంతరాలు రావచ్చు.

మొదటిది: ఏనుగు క్రూరత్వాన్ని చూపింది బుద్ధుడి గొప్పతనాన్ని పెంచడానికే తప్ప, బాధితుడి మీద సానుభూతితో కాదు అనవచ్చు. ఇందులో కొంత నిజముంది. ఇది భక్తుల కోసం చెక్కిన శిల్పం. అయితే క్రూరత్వాన్ని సూచనగా చూపితే ఆ అవసరం తీరేది. శిల్పి దానికి వృత్తంలో పెద్ద భాగం కేటాయించాడు. పైగా బుద్ధుణ్ణి వృత్తం నడిమధ్యన నిలపలేదు. మధ్యభాగాన్ని వీధిలోని జనానికి వదిలాడు. ఎవరికి ఎంత చోటిచ్చాడన్నది శిల్పంలో అభిప్రాయ ప్రకటనే.

ఇక్కడ ఒక చారిత్రక విషయం గుర్తుంచుకోవాలి. అమరావతి స్తూపానికి రాజులు మాత్రమే దానాలు చేయలేదు. అక్కడ దొరికిన బ్రాహ్మీ లిపి, ప్రాకృత శాసనాల్లో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, ఒక చర్మకారుడి కుటుంబం కూడా దాతలుగా కనిపిస్తారు. స్తూపం చుట్టూ తిరిగి ఈ బొమ్మలు చూసినవారూ అటువంటివారే. వీధిలో పరుగెత్తేవారిని, గవాక్షాల్లోంచి తొంగిచూసేవారిని అంత శ్రద్ధగా చెక్కడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

రెండవది: ఫలకం మరీ కిక్కిరిసి ఉంది, మొదటి చూపులో ఏదీ అర్థం కాదు అనవచ్చు. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా కాదనలేం. అమరావతి శిల్పులకు ఖాళీ స్థలమంటే అంతగా గిట్టదు. దూరం నుంచి చూసేవారికి ఈ ఫలకం రద్దీగానే కనిపిస్తుంది. బుద్ధుడెక్కడున్నాడో మా మనవరాలికి నేను చూపించవలసి వచ్చింది. భిక్షువులందరినీ 'బుద్ధుళ్లు' అనుకుంది. ప్రధానపాత్రను వెతుక్కోవలసి రావడం లోపమే. కానీ ఎడమవైపు రద్దీ లేకపోతే కుడివైపు ప్రశాంతత తెలిసేది కాదు. ఒకే ఫలకంలో లోపమూ బలమూ ఒకే మూలం నుంచి రావచ్చునని దీన్నిబట్టి గమనించండి.

మూడవది: ఏడేళ్ల పాప ప్రశ్నలకు ఇంత విలువ ఇవ్వడం అతిశయోక్తి కాదా అనవచ్చు. పిల్లలు పుట్టు విమర్శకులని నేను అనడం లేదు. రాజగృహం ఎక్కడుందో, దేవదత్తుడెవరో, కొన్ని శిల్పాల్లో బుద్ధుడి స్థానంలో ఖాళీ ఆసనమో పాదముద్రలో ఎందుకుంటాయో వారికి పెద్దలే చెప్పాలి. చెప్పకపోతే వారి ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. నేనంటున్నది ముందు ఏది రావాలన్న సంగతి మాత్రమే. ముందు చూపు, తరువాత ప్రశ్న, ఆ తరువాత సమాచారం. నేను ఆ రోజు సమాచారంతో మొదలుపెట్టి, చూపుకు అడ్డం పడ్డాను.

7.6 రాయి ఎక్కడిది, ఎక్కడుంది?

ఫలకం దగ్గర నుంచి కదిలే ముందు మనవరాలు మరో మాట అడిగింది: 'ఇది మన అమరావతిదైతే ఇక్కడెందుకుంది?'

ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్నే అయినా విమర్శకూ అవసరమే. 18వ శతాబ్దం చివర స్థానిక జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు పాత దిబ్బలోని రాళ్లను తవ్వి తీశారు. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలాన్ని చూశాడు. దాదాపు 20 ఏళ్ల తరువాత తిరిగి వచ్చి శిల్పాల చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో ఓడలో లండన్ వెళ్లాయి. ఈనాడు బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. చెన్నైలో మరో పెద్ద భాగం ఉంది. అమరావతిలోని మ్యూజియంలోనూ కొన్ని ఉన్నాయి. వీటిని 'పాలరాళ్లు' అని పిలవడం అలవాటైంది గానీ, నిజానికి ఇది పల్నాటి ప్రాంతపు సున్నపురాయి.

అంటే ఒకప్పుడు ప్రదక్షిణ మార్గంలో వరుసగా చూడవలసిన బొమ్మలను మనమిప్పుడు వేర్వేరు ఊళ్లలో విడివిడిగా చూస్తున్నాం. ఈ ఫలకానికి ఇరుగు పొరుగు ఫలకాలు లేవు. అందువల్ల ఒక్క ఫలకం ఆధారంగా స్తూపం మొత్తం గురించి తీర్పు చెప్పకూడదు. నా వ్యాఖ్యానం కూడా ఈ ఒక్క వృత్తానికే పరిమితం.

7.7 మీరు చేయవలసిన అభ్యాసం

మీకు దగ్గరలోని ఒక గుడినో మ్యూజియంనో ఎంచుకోండి. అమరావతి, నాగార్జునకొండ, రామప్ప, లేపాక్షి, హైదరాబాదులోని మ్యూజియంలు – ఏదైనా సరే. వెళ్లే వీలు లేకపోతే మంచి ఛాయాచిత్రం చాలు. మనవడో మనవరాలో, పక్కింటి పాపో ఒకరు తోడుండాలి. ఈ సూచనలు పాటించండి:

1. ఒక్కరోజులో మూడు శిల్పాలకు మించి చూడకండి. పిల్లల కాళ్లు నొప్పి పుట్టాక కళ్లు పనిచేయవు. దాహం, ఆకలి తీర్చాకే శిల్పం దగ్గరికి తీసుకువెళ్లండి.
2. మొదటి అయిదు నిమిషాలు కథ చెప్పకండి. 'ఏం కనిపిస్తోంది?' అని మాత్రం అడగండి.
3. పిల్లల ఎత్తుకు వంగి, వారి చూపు పడేచోట మీరూ చూడండి. మనకు కింది అంచుగా కనిపించేది వారికి శిల్పం మధ్యభాగం.
4. రాతిని చేతితో తాకనివ్వకండి. గాలిలో వేలితో గీతలు గీయమనండి.
5. వారు అడిగిన ప్రశ్నను వారి మాటల్లోనే రాసుకోండి. మీ భాషలోకి మార్చకండి.
6. సమాధానం శిల్పంలో దొరుకుతుందేమో ముందు వెతకండి. దొరక్కపోతేనే పుస్తకం తెరవండి.
7. మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి. బొమ్మలో లేనిదాన్ని ఊరట కోసం కల్పించకండి.

ఇంటికి వచ్చాక ఒకటిన్నర పేజీ విమర్శ రాయండి. అందులో శిల్ప వర్ణన, పిల్లల ప్రశ్న, మీ వ్యాఖ్యానం, దానికి రాగల ఒక అభ్యంతరం తప్పక ఉండాలి.

7.8 సారాంశం

అమరావతి నాలాగిరి ఫలకం ఒకే వృత్తంలో ఏనుగును రెండుసార్లు చూపుతుంది. ఎడమవైపు వాలు గీతలు, రద్దీ భయాన్ని పలికిస్తే, కుడివైపు నిలువు గీతలు శాంతిని పలికిస్తాయి. రెండు క్షణాల మధ్య గీత లేకపోవడం వల్ల కరుణ గెలిచిన దృశ్యం పక్కనే బాధితుడూ శాశ్వతంగా కనిపిస్తాడు. మాటల కథ వదిలేసే ఈ నిజాన్ని శిల్పం నిలుపుకుంది. రద్దీ ఈ ఫలకానికి కొంత లోపమే అయినా దాని బలమూ అందులోనే ఉంది. కథ తెలియని చిన్నపిల్లల ప్రశ్నలు మనల్ని తిరిగి శిల్పం వైపు మళ్లిస్తాయి. ఆ ప్రశ్నలకు తగిన సమాచారం సమకూర్చడం పెద్దల పని. ఆ రోజు తిరిగి వస్తుంటే బస్సులో మా మనవరాలు ఆ కథను వాళ్ల అమ్మకు ఫోన్‌లో చెప్పింది. తన కథలో ఏనుగులు రెండున్నాయి, తొండానికి చిక్కిన మనిషీ ఉన్నాడు.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నాలాగిరి ఫలకంలో నిరంతర కథనం నైతిక దృష్టిగా ఎలా మారిందో వివరించండి. ఈ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?
2. 'ఎవరికి ఎంత చోటిచ్చాడన్నది శిల్పంలో అభిప్రాయ ప్రకటనే' – మీరు స్వయంగా చూసిన ఒక శిల్పం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. గవాక్షాల్లోంచి చూస్తున్న జనం ఫలకంలో నిర్వహించే పాత్ర ఏమిటి?
2. అమరావతి శిల్పాలు వేర్వేరు చోట్లకు చేరిన క్రమాన్ని తెలిపి, అది విమర్శకు విధించే పరిమితిని వివరించండి.
3. పిల్లలతో శిల్పం చూసేటప్పుడు పాటించవలసిన సూచనల్లో మీకు కష్టమనిపించినది ఏది? ఎందుకు?